పెంగ్విన్ పేజీని దిద్దిన చెయ్యి

1935లో ఆరు పెన్నీలకు వచ్చిన పెంగ్విన్ పుస్తకాల అట్టను ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. పైనా కిందా రంగు పట్టీలు, నడుమ తెల్ల పట్టీ. నవలకు నారింజ, నేర కథలకు ఆకుపచ్చ. యంగ్ అనే కుర్ర ఉద్యోగి లండన్ జూకు వెళ్లి పెంగ్విన్ బొమ్మ గీసుకొచ్చాడు. దుకాణంలో దూరం నుంచే గుర్తుపట్టగలిగే అట్ట అది.

అట్ట తిప్పితే మాత్రం వేరే సంగతి. పుస్తకాలు రకరకాల ప్రెస్సుల్లో అచ్చయ్యేవి. ఏ ప్రెస్సు అలవాటు దానిదే. ఒకచోట పదాల మధ్య బోలెడంత ఖాళీ, ఇంకోచోట వాక్యం ముగిశాక మరీ పెద్ద సందు. ఆపైన యుద్ధకాలపు కాగితం కరువు. ఒక సంస్థ పుస్తకాలన్న పోలిక పేజీల్లో కనిపించేది కాదు.

1947లో పెంగ్విన్ అధిపతి అలెన్ లేన్ స్విట్జర్లండ్ నుంచి యాన్ చిహోల్డ్‌ను పిలిపించాడు. అక్షరాల అమరికలో అప్పటికే పెద్ద పేరు. 1928లో పుస్తకం రాసి మరీ పాత సౌష్ఠవాన్ని తోసిపుచ్చినవాడు. 1933లో నాజీలు జైల్లో పెడితే, బయటపడి బాసెల్ చేరినవాడు. అక్కడ తన సిద్ధాంతాన్నే తిరగేసుకుని, పుస్తకానికి పాత పద్ధతే మేలని ఒప్పుకున్నాడు. తన మొదటి సిద్ధాంతాన్ని తానే పక్కన పెట్టగలిగిన మనిషి కాబట్టే ఈ పనికి తగినవాడని నా నమ్మకం.

ఆయన చేసిన మొదటి మంచి పని, పట్టీల జోలికి పోకపోవడం. పాఠకులకు అలవాటైన రూపాన్ని అలాగే ఉంచి, దాని లోపల దిద్దాడు. పక్షిని మళ్లీ గీశాడు. పేరుకూ రచయితకూ మధ్య సన్నని గీత పెట్టాడు. రెండు అట్టలూ పక్కపక్కన పెడితే, ఏం మారిందో చెప్పలేకపోయినా, రెండోదాని దగ్గరే చూపు నిలుస్తుంది.

అసలు పనితనం ఖాళీల్లో ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలను సమాన దూరంలో పేర్చితే కంటికి సమానంగా కనిపించవు. A పక్కన V పడితే వాలు గీతల మధ్య వెలితి. నిలువు గీతల H, I పక్కపక్కన ఉంటే ఇరుకు. కొలబద్దను కాక కంటిని నమ్మి సర్దాలి. ప్రూఫులు వచ్చిన ప్రతిసారీ ఈ మాటే రాయలేక, అక్షరాల సందులు చూపును బట్టి సరిచేయమంటూ రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. ఆ పట్టుదలంటే నాకెంతో ఇష్టం. కంపోజింగుకు నాలుగు పేజీల నియమావళి కూడా రాసిచ్చాడు: పదాల మధ్య సందు సన్నగా ఉండాలి, పూర్ణవిరామం తర్వాత అదనపు ఖాళీ వద్దు, పేరా మొదట్లో కొంచెం జరపాలి. ఇవన్నీ చిన్నవే. కానీ సందులు వెడల్పయితే పేజీ నడిమధ్యన తెల్లని చారలు పడతాయి, చూపు వాటి వెంట జారిపోతుంది.

ఇది మన అచ్చుకూ పనికొచ్చే పాఠమే. తెలుగులో గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగలకుండా వరుసల దూరం నిర్ణయించాలి. ఆ దూరాన్ని ఇంగ్లీషు పేజీ నుంచి అరువు తెచ్చుకుంటే చదివేవాడి కన్ను అలిసిపోతుంది. మంచి కథల పుస్తకాలు కూడా ఈ ఒక్క లోపంతో చదవబుద్ధి కాకుండా పోవడం బాధగా ఉంటుంది.

చిహోల్డ్ ఉన్నది మూడేళ్లలోపే, ఆయన చేతి మీదుగా వెళ్లిన పుస్తకాలు ఐదు వందల పైచిలుకు. 1949లో పౌండు విలువ తగ్గింది, దాంతో ఆయన జీతం విలువా పడిపోయింది. ఆ ఏడాది చివర ఆయన స్విట్జర్లండ్ వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన హాన్స్ ష్మోలర్ ఆ నియమాలను సడలనివ్వలేదు. అక్షరాల కొలతలో అర పాయింటు తేడా వచ్చినా పట్టేసేవాడు కనుక ఆయనకు ‘హాఫ్ పాయింట్ ష్మోలర్’ అన్న పేరు పడింది.