బిగువు తెలిసిన చెయ్యి

బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా చింతామణి వెళ్ళే దారిలో ట్రాక్టర్ షెడ్ల మీద బోర్డులు కన్నడంలో ఉంటాయి, లోపల మాటలు తెలుగులో నడుస్తాయి. పని నేర్చుకోవడానికి చేరిన పిల్లవాడి చేతికి ఇంజను వెంటనే ఇవ్వరు. ముందు తుడవడం, పానాలు అందించడం, తర్వాత ఆయిల్ దించడం. దించిన తర్వాత డ్రైన్ ప్లగ్ బిగించడం అతనికి వచ్చే మొదటి బాధ్యత. బయటివాళ్ళకు ఇది చిన్న పని. షెడ్డు పనితనం ఎంతో నాకు మాత్రం ఆ ప్లగ్గు దగ్గరే తెలిసిపోతుంది.

ఈ సీమలో ఏడాది పొడుగునా పారే నది లేదు. చిత్రావతి, పాపఘ్ని పేరుకు ఇక్కడివే, నీళ్ళు మాత్రం వానను బట్టి. వాన పడ్డ తర్వాత శనక్కాయ, రాగులు విత్తే అదను కొద్ది రోజులే ఉంటుంది. ట్రాక్టరు ఉన్న రైతు తన చేను ముగించి, గంట లెక్కన ఊళ్ళో మిగతావాళ్ళ చేలు దున్నుతాడు. ఆ రోజుల్లో ప్లగ్గు ఊడి ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ఖాళీ అయితే బేరింగులు పోతాయి, క్రాంకు పోతుంది. రిపేరు డబ్బు ఒక్కడి నష్టం. అదను తప్పిన చేలు ఎందరివో.

అందుకే భయం. ఆ భయంతోనే చాలామంది అవసరానికి మించి బిగిస్తారు. వదులుగా ఉండి ఊడే ప్లగ్గుల కంటే అతిగా బిగించడం వల్ల మర పోయిన ప్లగ్గులే షెడ్లకు ఎక్కువగా వస్తాయి.

బిగించినప్పుడు జరిగేది చూస్తే సంగతి తేలిక. ఉక్కు ప్లగ్గు బిగించిన కొద్దీ కంటికి కనపడనంత సాగుతుంది. సాగిన ఉక్కు తన కొలతకు తిరిగి రావాలని లాగుతుంది. ఆ లాగుడే పట్టు. మనం పానా మీద పెట్టే బలంలో నూటికి 90 పాళ్ళు తల కింద, మరల మధ్య రాపిడికే ఖర్చవుతుంది, పట్టుకు మిగిలేది 10 పాళ్ళే. అయినా అది తక్కువేం కాదు. 18 మిల్లీమీటర్ల ప్లగ్గును 30 న్యూటన్ మీటర్లతో బిగిస్తే వాసర్ మీద దాదాపు 800 కిలోల నొక్కు పడుతుంది. మర మీద ఆయిల్ కారుతుండగా బిగిస్తే రాపిడి తగ్గి, అదే బలానికి నొక్కు ఇంకా పెరుగుతుంది. మేస్త్రీలు మరను గుడ్డతో తుడవమని పట్టుబట్టేది ఊరికే కాదు.

ఒక అడుగు పొడవున్న పానా చివర పది కిలోల బరువుతో లాగితే వచ్చేది సుమారు 30 న్యూటన్ మీటర్లు. పానాకు పైపు తొడిగి పొడవు రెండడుగులు చేస్తే అదే చెయ్యి, అదే లాగుడు, బిగువు మాత్రం రెట్టింపు. రింగ్ పానాలు చిన్న సైజుకు పొట్టిగా, పెద్ద సైజుకు పొడుగ్గా చేసేది అందుకే: పానా పొడవులోనే ఒక హద్దు ఉంది. పైపు ఆ హద్దును చెరిపేస్తుంది. చిక్కబళ్ళాపురం ద్రాక్షతోటల్లో, శిడ్లఘట్ట వైపు మల్బరీ తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్ల దగ్గర ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ప్లగ్గు చిన్నది, చెయ్యి మాత్రం పెద్ద ట్రాక్టరుకు అలవాటు పడ్డది.

నూనె కారకుండా ఆపేది మర కాదు, వాసర్. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే. రాగి వాసర్ మెత్తన కాబట్టి ప్లగ్గు తలకూ చాంబరుకూ మధ్య నలిగి గీతల్లోకి దూరుతుంది. ఒకసారి నలిగింది గట్టిపడుతుంది, మళ్ళీ అలా దూరలేదు. కొత్తది వెయ్యాలి. అది దొరకని పల్లెలో పాత షెడ్ల పద్ధతి ఒకటుంది: వాసర్‌ను మంటలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచుతారు. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. లోహశాస్త్రం ఒప్పుకునే పద్ధతే ఇది. కొన్ని గేర్‌బాక్సులకు వాసర్ లేని ప్లగ్గులుంటాయి, మర మొదట్లో లావుగా చివర సన్నంగా ఉంటుంది. అక్కడ అడ్డుకట్ట మరే. దానికి టేపు చుట్టాలి, లేదా సీలెంటు పుయ్యాలి. దాన్ని మొండిగా బిగిస్తే మేకు దిగినట్టు దిగి పోత ఇనుప హౌసింగ్ చీలుతుంది.

ఇక పని వరస. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజను కాసేపు తిప్పి ఆపాలి. వెచ్చటి ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. మడిలో బురద దున్నిన బండికి మాత్రం గేర్‌బాక్సు ప్లగ్గును తెల్లవారి, బండి కదలకముందే కొద్దిగా వదులు చేసి చూసే మేస్త్రీలున్నారు. నీరు బరువు కనుక రాత్రంతా అడుక్కు దిగి ఉంటుంది. సీలు పోయి నీళ్ళు చేరితే ముందు కారేవి అవే. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాన్ని వేళ్ళతో తడిమి చూస్తారు. మెత్తటి బూడిదరంగు పేస్టు అరుగుదల, మామూలే. గోరుకు తగిలే పెచ్చు కనబడిందంటే లోపల ఏదో పన్ను విరుగుతోంది.

ఎక్కించేటప్పుడు ముందు వేళ్ళతోనే తిప్పాలి. మూడు నాలుగు చుట్లు తేలిగ్గా పోకపోతే మర అడ్డంగా పడిందన్నమాట, అక్కడ పానా పెట్టకూడదు. తల వాసర్‌కు ఆనిన తర్వాతే పానా. సాధారణంగా పావు చుట్టు తిరిగేలోపు చేతికి బిగువు తెలుస్తుంది. అసలు కొలత ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఒక్కో మోడలుకు ఒక్కో అంకె. టార్క్ రెంచి కొనలేని షెడ్డుకు నేను చెప్పేది ఇది: చింతామణి మార్కెట్టులో మూటలు తూచే స్ప్రింగు కాటా ఒకటి తెచ్చి, పానా చివర తగిలించి, పానాకు లంబంగా లాగండి. కిలోలను అడుగుల్లో పానా పొడవుతో గుణించి, దాన్ని మూడు రెట్లు చేస్తే బిగువు సుమారుగా న్యూటన్ మీటర్లలో తెలుస్తుంది. నాలుగైదు ప్లగ్గులు అలా బిగించిన చెయ్యి తన లాగుడును తానే సరిదిద్దుకుంటుంది. ఏళ్ళ తరబడి వచ్చిన చేతి అంచనా నిజంగా విలువైనదే. కొలతతో సరిచూసుకుంటే దాని విలువ పెరుగుతుందే గానీ తగ్గదు.

దించిన పాత ఆయిల్‌ను కాలువలో పొయ్యడం నేను చూడలేను. వందల అడుగుల బోర్లతో బతుకుతున్న నేల ఇది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి తెచ్చి మన చెరువులు నింపుకుంటున్నాం. అలాంటి చోట చాంబరు ఆయిల్ చెరువుకు చేరకూడదు. డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ కొనే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి.

కొత్త ఆయిల్ పోసి, ఇంజను తిప్పి, ఆపి, డిప్‌స్టిక్ చూశాక ప్లగ్గు చుట్టూ పొడిగుడ్డతో తుడవాలి. మొదటి గంట పని అయ్యాక మళ్ళీ చూడాలి. తడి కనబడితే ఇంకో చుట్టు బిగించడం కాదు, ఆయిల్‌ను శుభ్రమైన పళ్ళెంలోకి దించి, వాసర్ మార్చి, అది కూర్చునే ముఖం మీద గీత పడిందేమో చూసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించాలి.