పరాయి ఊళ్లో ఇంగ్లీషు పంతుళ్లు

1820లో ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ కడపకు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు, మరుసటేడే బడులు పెట్టించాడు. ఇప్పుడు దారి తిరగబడింది. మనవాళ్లే పరాయి దేశానికి పోయి పాఠాలు చెబుతున్నారు.

హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ ఇథియోపియా బడుల్లో భారతీయ పంతుళ్లున్నారు. 2000 తర్వాత అక్కడ కొత్త యూనివర్సిటీలు లేచాక తెలుగు అధ్యాపకులూ బాగానే వెళ్లారు, కొందరు ఆలుమగలుగా.

ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ట్యూషన్లు చెప్పినవాళ్లకు ఒక పనితనం అబ్బుతుంది: "ఇస్కూలు" అనే పిల్లాణ్ని నవ్వకుండా దిద్దడం. అమ్హారిక్ మాట్లాడే పిల్లల నాలుక కూడా హల్లులు ముడిపడ్డ చోట చిన్న అచ్చును జొనుపుతుంది. లండన్‌లో పుట్టినవాడికి ఆ తప్పు వినపడుతుంది. ఎందుకొస్తుందో మనవాడికి తెలుసు. నా లెక్కలో ఈ వృత్తికి అసలు పెట్టుబడి అదే.

మిగతాదంతా అలవాటు. అక్కడ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్క. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. ఏడాదికి 13 నెలలు. పులిసిన టెఫ్ పిండితో పోసే ఇంజెరా మన దోసెకు పెద్దక్కలా ఉంటుంది గానీ, సంగటి తిన్న నోరు అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆలుమగలుగా వెళ్లినవాళ్ల ఇంట్లో సాయంత్రం ఆయన నోటుబుక్కులు దిద్దుతుంటే ఆమె రేపటి పాఠం రాసుకుంటుంది.

"అంత దూరం ఎందుకు పోయినార్‌ప్పా?" అని జమ్మలమడుగులో ఎవరైనా అడిగితే జీతం కోసమనే చెబుతారు. నిజమే. కానీ కొత్తవాడికి ఇంగ్లీషు నేర్పడంలో మాత్రం వీళ్లు దొరలకంటే ఒక మెట్టు పైనే.