ఎర్రర్ రాని తప్పు

కొత్తగా రూబీ పట్టుకున్నవాళ్లు మొదటి వారంలోనే ఒక టైప్ ఎర్రర్ చూసి విసుక్కుంటారు. "రూట్ " అనే స్ట్రింగ్‌కి ప్లస్ పెట్టి 127 కలపబోతే రూబీ మొరాయిస్తుంది. ఇంటీజర్‌ని స్ట్రింగ్‌గా తనంతట తాను మార్చనంటుంది. అమీర్‌పేటలో జావా నేర్చుకుని మాదాపూర్ వచ్చిన కుర్రాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. జావాలో ఆ ప్లస్సే కిక్కురుమనకుండా రెంటినీ అతికిస్తుంది మరి. జావాస్క్రిప్ట్ అయితే కోట్స్‌లో ఉన్న 5కి 1 కలిపితే 51 అంటుంది, అందులోంచి 1 తీసేస్తే 4 అంటుంది.

నాకు మాత్రం రూబీ మొరాయింపే నచ్చుతుంది. ప్లస్‌కి రెండు పనులున్నాయి, కూడడం, అతకడం. ఏది కావాలో రాసేవాడే చెప్పాలి. చెప్పడమూ పెద్ద పనేం కాదు. సంఖ్య పక్కన చుక్క పెట్టి టు ఎస్ అని రాస్తే చాలు. ఇంకా తేలిక కావాలంటే కోట్స్ లోపలే హ్యాష్, ఫ్లవర్ బ్రాకెట్లు #{} పెట్టి అందులో సంఖ్య ఇవ్వొచ్చు. కోట్స్ మాత్రం డబుల్ ఉండాలి. సింగిల్ కోట్స్‌లో రాస్తే బ్రాకెట్లు బ్రాకెట్లుగానే అచ్చవుతాయి.

అసలు చిక్కు ఎర్రర్ రానిచోట ఉంది. మా టీమ్‌లో ఒకబ్బాయి బస్సుల వివరాలు చూపే స్క్రీన్ రాస్తూ పిలిచాడు. "అన్నా, ఎర్రర్ ఏం రాలే. నంబరే కనిపిస్తలేదు." ప్లస్ కుదరలేదని షవల్ ఆపరేటర్ << వాడాడు. అది ఒప్పేసుకుంది. కానీ షవల్‌కి ఇంటీజర్ ఇస్తే యూనికోడ్‌లో ఆ నంబర్‌ ఉన్న క్యారెక్టర్‌ని తెచ్చి అతికిస్తుంది. కోఠి నుంచి కొండాపూర్ వచ్చే 127కెలో 127 అంటే డిలీట్ క్యారెక్టర్, కంటికి ఆనదు. సికింద్రాబాద్ నుంచి వచ్చే 10హెచ్‌లో 10 అంటే కొత్త లైన్, అందుకని హెచ్ ఒక్కటే కింది లైన్లోకి జారిపోయింది. 3077 ఇచ్చి చూడమన్నాను. మన ‘అ’ వచ్చి కూర్చుంది.

షవల్‌కి ఇంకో గుణం కూడా ఉంది. ఉన్న స్ట్రింగ్‌నే మార్చేస్తుంది. అదే స్ట్రింగ్‌ని ఇంకోచోట వాడుతుంటే అక్కడా మారిపోతుంది. ప్లస్సూ, #{} పద్ధతీ కొత్త స్ట్రింగ్ తయారుచేసి ఇస్తాయి.

టు ఎస్ నేర్చుకుంటే అంతా వచ్చినట్టూ కాదు. బండి నంబర్లే చూడండి. 2024 మార్చిలో తెలంగాణ బండ్ల కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారింది. రంగారెడ్డి జిల్లాది టీజీ 07. 7 అనే ఇంటీజర్‌ని టు ఎస్‌తో అతికిస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, ఆర్‌జస్ట్ అనే మెథడ్‌తో మళ్లీ నింపుకోవాలి. పోనీ కోడ్‌లోనే 07 అని రాద్దామా అంటే, సున్నాతో మొదలైన సంఖ్యని రూబీ ఆక్టల్‌గా చదువుతుంది. 07 దాకా గట్టెక్కుతాం. మేడ్చల్ వాళ్ల 08 దగ్గర సింటాక్స్ ఎర్రర్ తప్పదు, ఆక్టల్‌లో 8 లేదు కాబట్టి.

ఇక్కడ ఆగి అడగాల్సింది, ఆ 07 అసలు సంఖ్యేనా అని. బండి నంబర్లని ఎవరూ కూడరు, సగటు తీయరు. పిన్‌కోడ్, ఫోన్ నంబర్, బస్సు రూట్ కూడా అంతే. అన్నీ అంకెలతో రాసుకున్న పేర్లు. వాటిని డేటాబేస్‌లోనే స్ట్రింగ్‌గా పెట్టుకుంటే మార్చే పనీ ఉండదు, సున్నా పోయే భయమూ ఉండదు. టికెట్ ధర, సీట్ల సంఖ్య లాంటివి ఇంటీజర్లుగా ఉండి, స్క్రీన్ మీదికి వెళ్లేటప్పుడు మాత్రమే స్ట్రింగ్ అయితే సరిపోతుంది.

అందుకే రివ్యూలో షవల్ పక్కన వేరియబుల్ కనబడితే అందులోకి ఏమొస్తుందని అడుగుతాను. ఎర్రర్ ఇస్తే పగలే మన సీట్లో కూర్చుని సరిచేసుకుంటాం. నోరు మూసుకుని ఒప్పుకున్న తప్పుకి మాత్రం అర్ధరాత్రి క్లయింట్ ఫోన్ చేస్తాడు.