‘మంథన్’లో పాలు తాగేవాళ్ళేరి?

శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ (1976) రీస్టోర్ చేసిన ప్రింటు 2024లో కాన్స్‌లో వేశారు. నేను దాన్ని ఈమధ్య మెదక్‌లో మా కాక ఇంట్లో లాప్‌టాప్‌లో మళ్ళీ చూశాను. కాక ముప్పై ఏళ్ళుగా కేంద్రంలో పాలు పోస్తున్న మనిషి. పాలల్లో కొవ్వును బట్టి ధర అనే మాట రాగానే సినిమా ఆపమన్నాడు. “గిదే అసలు లొల్లి” అన్నాడు.

ఆయన పట్టుకున్నది సరైన చోటే. ప్రైవేటు డెయిరీ మిశ్రా (అమ్రిష్ పురి) నోటికొచ్చిందే ధర. డాక్టర్ రావు (గిరీష్ కర్నాడ్) పరీక్ష వచ్చాక ఆ మాటకు బలం తగ్గుతుంది. కొలత ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళదేనని ఇంత తేటగా చెప్పిన సినిమాలు మనకు తక్కువ. గుజరాత్‌లో 5 లక్షల మంది పాడిరైతులు తలా 2 రూపాయలు వేసుకుని తీయించిన సినిమా కదా, వాళ్ళ లెక్క అందులో తప్పలేదు.

నా పేచీ వేరు. పాలు ఊరు దాటాక ఈ సినిమాకు వాటితో పని లేదు. తాగేవాళ్ళు కథలోనే లేరు. నిజానికి పాలక్యాను ముందు అడగాల్సినవి రెండు ప్రశ్నలు: కొవ్వు ఎంత? ఇంకా ఏమేం ఉన్నాయి? మొదటిదానికి ఇప్పుడు కేంద్రంలో మెషిన్ నిమిషంలో చిట్టీ కొట్టి ఇస్తుంది. ఎందుకంటే దానికి డబ్బు ముడిపడి ఉంది.

రెండోదాని దారి పొడుగు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేయాలి. పాలు విరిగిపోకుండా అందులో ఫార్మలిన్ చుక్కలు వేయాలి. అవును, పాలల్లో కలిపితే నేరమయ్యే ఫార్మలినే. ఒక భాగం అనలిస్టుకు వెళ్తుంది, రిపోర్టుకు గడువు 14 రోజులు. ఆ పూట పాలు ఎప్పుడో తాగేసి ఉంటాం.

ఇంకో ఇబ్బంది కథలది. మనకు విలన్ కావాలి. సినిమాలో మిశ్రా ఉన్నాడు, మన జోకుల్లో నీళ్ళు కలిపే పాలవాడు ఉన్నాడు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతా 6,432 శాంపిళ్ళు తీసి పరీక్షించింది. యూరియా, డిటర్జెంట్ లాంటివి కలిపి తాగడానికి పనికిరాకుండా చేసినవి 12. వాటిలో 9 తెలంగాణవే కాబట్టి మనం తేలిగ్గా తీసుకోడానికి లేదు. కానీ అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటినవి 368! యాంటీబయాటిక్స్ దాటినవి 77.

అఫ్లాటాక్సిన్‌ను ఎవరూ చెంబుతో కలపరు. బూజు పట్టిన పత్తి చెక్క, పల్లి చెక్క, మక్కలు బర్రె తింటే అది పాలల్లోకి దిగుతుంది. కాస్తే పోదు. పాశ్చరైజ్ చేసినా పోదు. ఆ సర్వేలో ఇది విడి పాలల్లో కంటే ప్రాసెస్ చేసిన పాలల్లోనే ఎక్కువ కనిపించింది. ఫ్యాక్టరీలో నేల, కాలువలు, ట్యాంకులు కడిగారా లేదా అని తనిఖీ చేయాల్సిందే. కానీ ఈ విషం గేటు దగ్గరికే పాలతో పాటు వస్తుంది. దీనికి కాలర్ పట్టుకోడానికి మిశ్రా దొరకడు. అందుకే కథకూ ఎక్కదు, మన కోపానికీ ఎక్కదు.

1976 నాటి సినిమా ఇదంతా చెప్పాలని అడగటం న్యాయం కాదు. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో రెండో ప్రశ్నను కథ చేసినవాళ్ళు మనలో ఎవరున్నారు? నాకు గుర్తు రావట్లేదు.

సినిమా అయ్యాక ఇదంతా కాకకు చెప్పాను. కొట్టంలో వానకు ఒక మూల తడిసిన చెక్క బస్తా ఉంది. ఆ పాలే కాక మనవరాలు కూడా తాగుతుంది. ఆయన కాసేపు మాట్లాడలేదు.

“పారబోస్తే నాకు పాల ధర ఏమన్న పెరుగుతదా?”

“పెరగదు కాకా.”

“చిట్టీల గది పడదు గదా మరి” అన్నాడు.

డాక్టర్ రావు దగ్గర కూడా దీనికి జవాబు లేదు. పొద్దున లేచి చూస్తే బస్తా వాకిట్లోకి వచ్చి ఉంది. పారబోయడానికో, ఎండబెట్టడానికో నేను అడగలేదు.