చుక్కల లెక్క

లెపర్డ్ గెకోలు పెంచే ఇంటికి ఎవరైనా వస్తే ముందు బల్లుల్నే చూపిస్తారు. నేను ముందు నోట్‌బుక్ చూపిస్తాను. ఏ ఆడదాన్ని ఏ మగదానితో కలిపాను, గుడ్లు ఎప్పుడు పెట్టింది, ఎంత వేడిలో పొదిగించాను, పిల్ల వీపు మీద పట్టీలు ఎలా ఉన్నాయి, ఏడాది తిరిగేసరికి ఎలా మారాయి, అన్నీ అందులో ఉంటాయి. డాలస్‌లో మా ఇంట్లో ఒక గది పూర్తిగా వీటిదే. కొత్త రంగు కంటబడితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ రంగు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే దాని జోలికి వెళ్లను.

వీటి అసలు తావు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన గోడల మీది బల్లికుండే పట్టు మెత్తలు దీని వేళ్లకు ఉండవు, నేల మీదే బతుకు. కళ్లకు కదిలే రెప్పలున్నాయి, నిద్రపోయేటప్పుడు మూసుకుంటుంది. గుడ్డులోంచి వచ్చేటప్పుడు వీపు మీద చుక్కే ఉండదు. నలుపు, పసుపు అడ్డపట్టీలు మాత్రమే. నెలలు గడిచేకొద్దీ నల్లపట్టీ నడుమ పలచబడుతుంది, అంచులు చిరుగుతాయి, చివరికి చుక్కలుగా విడిపోతుంది. కుబుసం విడిచే ముందు పిల్ల ఒళ్లంతా బూడిద పూసినట్టు పాలిపోతుంది. రాత్రి ఏదో వేళ ఆ పొరను నోటితో పట్టి లాగి, ముక్క మిగల్చకుండా తినేస్తుంది. పొద్దున్న టార్చి వేసి చూస్తే కిందటి కుబుసం నాడు నిండుగా ఉన్న పట్టీలో సన్నని పసుపు సందు కనిపిస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

ఒక్కోసారి పట్టీలు అసలు వరసే తప్పుతాయి. ఎడమవైపు పట్టీ కుడివైపు దానితో కలవదు. అలా చెదిరిన నమూనాను జంగిల్ అంటారు. పట్టీలన్నీ పక్కలకు జరిగి వెన్ను వెంట నిలువు గీత మిగిలితే స్ట్రైప్. టాంజరీన్ అనే నారింజ రంగు ఒక జన్యువు ఇచ్చింది కాదు. తరతరానికీ మరింత ఎర్రనివాటిని ఏరి కలుపుతూ పోగా వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఫెర్రీ జూర్మాండ్ ఇదే ఓపికతో నలుపును సాధించారు. ఆయన బ్లాక్ నైట్ గెకోను చూస్తే బొగ్గుముక్కకు ప్రాణం వచ్చిందనిపిస్తుంది.

పొదిగే వేడి సంగతి కూడా చెప్పాలి. సుమారు 26 డిగ్రీల దగ్గర పొదిగిస్తే దాదాపు అన్నీ ఆడపిల్లలే, 32 దాటాక మగవి ఎక్కువ, 34 పైన మళ్లీ ఆడవి. అదే వేడి రంగునూ మారుస్తుంది. చల్లగా పొదిగితే పిల్ల ముదురుగా, వేడిలో పొదిగితే లేతగా తేలుతుంది. అందుకే మెరిసే పిల్లను చూసి వెంటనే అది వంశం ఇచ్చిందే అనుకోకూడదు. ఇంక్యుబేటర్ ఇచ్చిన మెరుపు దాని పిల్లలకు రాదు.

ఇక ఆల్బినోలు, అంటే ఒంటి మీద నలుపు లేకుండా పుట్టేవి. 1996లో రాన్ ట్రెంపర్ దగ్గర మొదటి రకం తేలింది. ఆ తర్వాత టిమ్ రెయిన్‌వాటర్, మార్క్ బెల్ పేర్లతో ఇంకో రెండు రకాలు వచ్చాయి. మూడూ చూపుకు దగ్గరగానే ఉంటాయి, మూడూ అంతర్గత లక్షణాలే, అంటే జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే బయటపడేవి, కానీ మూడూ వేర్వేరు జన్యువులవి. ట్రెంపర్‌నూ బెల్‌నూ కలిపితే ఒక్క ఆల్బినో కూడా పుట్టదు. మామూలు చుక్కల పిల్లలే వస్తాయి, కానీ లోపల రెండు రకాలనూ మోస్తుంటాయి. వాటినే మళ్లీ కలిపితే వచ్చే ఆల్బినో ఏ రకమో కంటితో తేల్చి చెప్పడం కష్టం. ఎవరో దశాబ్దాలు కాపాడుకొచ్చిన వంశం అక్కడితో కలగాపులగమవుతుంది. పెళ్లి సంబంధానికి మూడు తరాలు విచారించినట్టు నేను విచారించేది అందుకే.

నా మనసును మార్చింది మాత్రం లెమన్ ఫ్రాస్ట్. 2015 ప్రాంతంలో ఈ రంగు బయటికొచ్చినప్పుడు పెంపకందారులంతా ఊగిపోయారు. పొట్టా పక్కలూ మంచు తెలుపు, వీపు నిమ్మపండు పసుపు. స్టీవ్ సైక్స్ అనే అమెరికన్ పెంపకందారు ఒక మగదాన్ని కొని మిస్టర్ ఫ్రాస్టీ అని పేరు పెట్టి వంశం పెంచారు. కొంతకాలానికి వాటి చర్మం మీద తెల్లటి గడ్డలు లేచాయి. రంగు వేరు, జబ్బు వేరు అయితే రెంటినీ విడదీయవచ్చని అందరి ఆశ. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లాంగ్వా గువో, లియోనిడ్ క్రుగ్ల్యాక్ బృందం సైక్స్ వంశాన్నే పరిశీలించి, 2021లో ఫలితం ప్రకటించింది. చర్మంలో కాంతిని తిప్పికొట్టే కణాలుంటాయి, ఇరిడోఫోర్లు. తెలుపు ఇచ్చేవి అవే. స్పింట్1 అనే జన్యువు దగ్గరి మార్పు వల్ల అవే అదుపు లేకుండా పెరుగుతున్నాయి. రంగూ గడ్డా రెండూ ఆ కణాల నుంచే. ఈ గెకోల్లో 80 శాతానికి పైగా ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు గడ్డలు వచ్చాయి. మనుషుల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తోనూ ఈ జన్యువుకు సంబంధం ఉంది కాబట్టి డాక్టర్లకు ఆ గెకోలు పనికొస్తాయి. అమ్మకానికి ఇంకో తరం పుట్టించడానికి మాత్రం నా దృష్టిలో ఏ కారణమూ లేదు. ఎనిగ్మా అనే ఇంకో రకం విషయంలోనూ నా మాట ఇదే. చెల్లాచెదురైన దాని చుక్కలు ఎంత అందమో, అదే జన్యువు వల్ల తల వాలిపోయి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ, ఎదురుగా ఉన్న కీచురాయిని అందుకోలేక తడబడటం చూస్తే అంత బాధ.

మొన్న ఒక రెప్టైల్ షోలో మనవాళ్లే ఒకాయన కొడుకుతో వచ్చి పలకరించారు. "అన్నా, ఈ తెల్లది చూశారా, కొనెయ్యమంటారా?" అన్నారు. అరచేతిలో పట్టేంత పిల్ల, నున్నగా మెరిసిపోతోంది. "అంత చిన్నదాంట్లో ఏమీ తెలియదు తమ్ముడూ. దీని అమ్మానాన్నల వయసెంతో, ఇప్పుడెలా ఉన్నాయో అడుగు" అన్నాను. టేబుల్ దగ్గర అమ్ముతున్న మనిషికి దాని తండ్రి ఏదో తెలియదు. పిల్లాడు నిరాశపడ్డాడు. "అంకుల్, మామూలు చుక్కలది అయితే బోర్ కదా?" అన్నాడు. వాడికి ఫోన్‌లో మన తూర్పు కనుమల గెకోను చూపించాను. ఆంధ్ర, ఒడిశా కొండల్లో తిరిగే వేరే జాతి అది, హార్డ్‌విక్ గెకో. ముదురు గోధుమ పట్టీల నడుమ లేత పసుపు, ఎవరూ ఏరి కలపకుండానే వచ్చిన అందం. ఊళ్లలో విషమని కొట్టి చంపేస్తారు గానీ దానికి విషం లేదు. అడవిలో దాని మానాన దాన్ని వదిలేయడమే మనం చేయగలిగిన మేలు. వాడు ఆ ఫొటోను చాలాసేపు పెద్దది చేసి చూశాడు.

సరిగ్గా చూసుకుంటే లెపర్డ్ గెకో పదిహేను, ఇరవయ్యేళ్లు బతుకుతుంది. ఇవాళ ఆ పిల్లాడు కొనేది వాడు కాలేజీ దాటేదాకా వాడి గదిలో ఉంటుంది. ఈ సీజన్‌కు నేను కలపబోయే జంటలో రెండూ ఐదేళ్లు దాటినవే. వాటి అమ్మానాన్నలు నాలుగూ ఇంకా బతికే ఉన్నాయి, శుభ్రంగా తింటున్నాయి.