తల్లి సాక్ష్యం, తండ్రి అంధత్వం: ‘వుయ్ నీడ్ టు టాక్ ఎబౌట్ కెవిన్’ నవలలో బాధ్యతా ప్రశ్న

లయొనెల్ ష్రైవర్ నవల ‘వుయ్ నీడ్ టు టాక్ ఎబౌట్ కెవిన్’ (2003)ను మాతృత్వ విమర్శగా చదవడం పరిపాటి. పాఠశాలలో సామూహిక హత్యలకు పాల్పడిన కొడుకును గురించి తల్లి ఈవా, భర్త ఫ్రాంక్లిన్‌కు రాసే లేఖలే ఈ నవల. బిడ్డ పుట్టుకతోనే క్రూరుడా, తన విముఖతే అతణ్ణి అలా మలిచిందా అన్నది ఆమె మథనం. నవల దీనికి సమాధానమివ్వదు. లేఖలందుకోవలసిన భర్త కూడా కొడుకు చేతిలోనే హతుడయ్యాడని చివరలోగాని తెలియదు. అంటే ఈవా సాక్ష్యాన్ని ఖండించవలసినవాడు లేడు. ఆమె స్మృతిని ప్రమాణంగా స్వీకరించే పఠనాలు ఇక్కడే బలహీనపడతాయి.

ఫ్రాంక్లిన్ కొడుకును ప్రేమించాడు, కాని చూడలేదు. అతడు ప్రోత్సహించిన విలువిద్యే హత్యాసాధనమైంది. ధృతరాష్ట్రుడు గుర్తుకు రావడం సహజమే గాని, పోలిక కొంతవరకే నిలుస్తుంది. విదురుని మాటలోని సత్యం ధృతరాష్ట్రునికి తెలుసు. ఫ్రాంక్లిన్‌కు భార్య మాట కేవలం ద్వేషంగా తోచింది.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ పాఠశాల కాల్పుల (2021) కేసులో నిందితుని తల్లిదండ్రులిద్దరూ 2024లో వేర్వేరు విచారణల్లో దోషులుగా తేలారు. అక్కడ తూకానికి వచ్చింది ప్రేమ కాదు. తుపాకి కొనివ్వడం, దానిని భద్రపరచకపోవడం, ఆ ఉదయం బడిలో పిల్లవాడు గీసిన భయానక చిత్రాన్ని చూపినా ఇంటికి తీసుకుపోకపోవడం. ఈ కొలతతో చూస్తే ఈవా అపరాధభావం వేరు, బాధ్యత వేరు. తాను ప్రేమించలేకపోయానన్న వేదనకు లేఖల్లో ఎన్నో పుటలు దక్కాయి. సందేహం కలిగాక తాను ఏం చేసిందో చెప్పినవి మాత్రం కొద్ది.