సలాం వేరు, సంజాయిషీ వేరు

పలమనేరు బెంగుళూరు-మద్రాసు దారిలో ఉంది. ఆ దారిన వచ్చే బస్సుల్లోనే మాకు క్యాసెట్లూ దిగాయి. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, సంతలో తమిళం, కన్నడం. ఏ పాట ఏ భాషదో మేము అడగలేదు. పాటలూ మమ్మల్ని మతం అడగలేదు. 1997 ఆగస్టులో ఒక పాట వచ్చింది. దాని గురించి మాట్లాడుకోకుండా మా గురించి మాట్లాడుకోలేం.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన ఆ నెలలో ఏ.ఆర్. రహమాన్ 'వందేమాతరం' ఆల్బమ్‌ను సోనీ మ్యూజిక్ విడుదల చేసింది. మన పాప్ సంగీత చరిత్ర రాసేవాళ్ళెవరూ దాన్ని దాటి పోలేరు. దేశభక్తి గీతమంటే బృందగానం, కవాతు అని అలవాటుపడ్డ చెవులకి గిటార్లు, డ్రమ్ములు, వాటి మీద ఒంటరి గొంతు వినిపించాయి. అది నున్నటి గొంతు కాదు. 'మా తుఝే సలాం'లో పై స్థాయికెక్కి, చీలిపోతుందేమో అన్నట్టు పిలుస్తుంది. రేడియో దేశభక్తి గీతాలు విన్నవాళ్ళకి అది కొత్త. ఉరుసు రాత్రి కవ్వాలీ విన్న మాకు కొత్త కాదు. రహమాన్ కడప అమీన్ పీర్ దర్గాకు వచ్చిపోయే మనిషి. ఆ పిలుపు ఎక్కడిదో మాకు వినగానే తెలిసింది.

ఆ రోజుల్లోనే టీ అంగట్లో తెలిసిన పెద్దాయన ఒకరు మెచ్చుకోలుగా అన్నారు: "ఏం సాయిబూ, ముస్లింలంటే రహమాన్ మాదిరి ఉండాలబ్బా!" ఆయన మంచివాడే. మాటలో ద్వేషం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇళయరాజా పాట విని హిందువులంటే ఇట్లా ఉండాలని ఎవరూ అనరు కదా! పాట వాళ్ళకి పాట. మాకు మాత్రం హాజరు పట్టీ. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ'లో చెప్పిన అనుమానమే ఇక్కడ మెచ్చుకోలు వేషంలో వచ్చింది.

పాటలోకే వెళ్దాం. వందేమాతరం గీతంతో ముస్లింలకున్న పేచీ పాతది. అల్లాకు తప్ప మరొకరికి వందనం ఎట్లా అన్నది ఆ పేచీ. 1937లో కాంగ్రెస్ మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. అరవై ఏళ్ళ తర్వాత గీత రచయిత మెహబూబ్, రహమాన్ కలిసి ఆ పల్లవి పక్కన ఒక చిన్న మాట పెట్టారు: సలాం. పూజ కాదు, ప్రేమతో పలకరింపు. రోజూ గుమ్మంలో మా అమ్మకి మేము చెప్పే మాట. దేశాన్ని తల్లి అనడానికి మా భాష మేము వదులుకోనక్కర్లేదని ఆ మాట చెప్పింది. మెచ్చుకున్నవాళ్ళలో ఎంతమంది దాన్ని విన్నారు? వాళ్ళు విన్నది సంజాయిషీ. మేము విన్నది సలాం.

అదే ఆల్బమ్‌లో పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు కూడా ఉంది. ఆ ఆగస్టు 16నే ఆయన లండన్‌లో చనిపోయారు. స్వర్ణోత్సవ కానుకలో సరిహద్దు అవతలి గొంతు వినపడితే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. సంగీతం అంత విశాలమైంది. చూపులు అంత విశాలం కావు. ఆ పాట పెట్టినప్పుడల్లా మా పెదాలు కదులుతున్నాయా లేదా అని పక్కనుంచి చూసిన చూపులు మాకు గుర్తున్నాయి.

రహమాన్ని మేము దేవుణ్ణి చేయడం లేదు. 1992 ఆగస్టులో వచ్చిన 'రోజా'లో ఒకవైపు నమాజు చేసే మిలిటెంట్, ఇంకోవైపు కాలుతున్న జెండాను ఒంటితో ఆర్పే హీరో. ఆ సినిమాకు గుండె అదిరే సంగీతం ఇచ్చింది ఆయనే. నాలుగు నెలలు తిరక్కుండానే బాబ్రీ మసీదు కూలింది. ఆ బాణీలను మేమూ ప్రేమించాం. ఆ ప్రేమలో ఉన్న ముల్లునూ మింగాం.

మావాళ్ళనీ వదలం. 2015లో ఇరాన్ దర్శకుడు మాజిద్ మాజిదీ ప్రవక్త మీద తీసిన సినిమాకు సంగీతం ఇచ్చినందుకు రహమాన్ మీద ముంబైలోని రజా అకాడమీ ఫత్వా తెచ్చింది. వెంటనే విశ్వహిందూ పరిషత్ నాయకుడొకరు ఘర్ వాపసీకి పిలిచాడు. ఒకరు వెళ్ళిపొమ్మన్నట్టు, ఇంకొకరు వచ్చేయమన్నట్టు. ఆయన ఉన్నచోటే ఉన్నాడని ఇద్దరికీ పట్టలేదు.

పేరు బరువు పాప్ లోకమంతా ఉంది. జాంజిబార్‌లో పుట్టి మన పంచగనిలో చదివిన పార్సీ కుర్రాడు ఫరూఖ్ బుల్సారా ప్రపంచానికి ఫ్రెడ్డీ మెర్క్యురీ అయ్యాడు. ఇంగ్లీషు గాయకుడు క్యాట్ స్టీవెన్స్ 1977లో ఇస్లాం తీసుకుని యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. 2004లో ఆ పేరు కోసమే లండన్ నుంచి వాషింగ్టన్ పోతున్న విమానాన్ని దారి మళ్ళించి దింపారు. మన దగ్గర యూసుఫ్ ఖాన్ సినిమా కోసం దిలీప్ కుమార్ అయ్యాడు. దిలీప్ కుమార్‌గా పుట్టినవాడు రహమాన్ అయ్యాడు. రెండో ప్రయాణానికి ఎక్కువ ధైర్యం కావాలి.

పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా పోతే మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో అక్కడి థియొసాఫికల్ కళాశాలలోనే ఠాగూరు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చారు. మార్గరెట్ కజిన్స్ సాయంతో స్వరాలు రాయించారు. ఆ గీతం రెండో చరణంలో మిగతా మతాలవాళ్ళతో పాటు ముసల్మానుల పేరుంది. 1950లో జాతీయ గీతంగా తీసుకున్నది మొదటి చరణమే. అందులో ఏ మతం పేరూ లేదు. కుట్ర అనడం లేదు. మేము పాటలోకి తర్వాత వచ్చి చేరినవాళ్ళం కామని మాత్రం గుర్తుచేస్తున్నాం. మా పేరు మొదట్నుంచీ రాసే ఉంది, పాడని చరణంలో.

మా పిల్లలు రహమాన్ పాట పాడతారు, నచ్చితే. గొంతు బాగోలేకపోతే పాడరు. రెండింటికీ దేశభక్తితో సంబంధం లేదు. ఆ మామూలుతనమే మాకు కావాలి. సలాం మా ఇష్టంతో ఇస్తాం. సంజాయిషీ ఇవ్వం.